బ్రౌన్ దొర వ్రాయించిన ప్రతులు

హిమాయత్‌నగర్ నుండి లిబర్టీ కూడలి దాటి హుస్సేన్‌సాగర్ కట్ట మీదికి చేరినవారికి తెలుగు ప్రముఖుల విగ్రహాల వరుస కనబడుతుంది. నన్నయ, తిక్కన, పోతనలతో పాటు ఆ వరుసలో వేమన కూడా ఉన్నాడు. వేమన పద్యం ఒక్కటైనా నోటికి రాని తెలుగు విద్యార్థి అరుదు. ఇంట్లో ఉర్దూ మాట్లాడే మన విద్యార్థులు సైతం చిన్న తరగతులలోనే నాలుగైదు వేమన పద్యాలు కంఠస్థం చేసి వస్తారు. అయితే ఈ పద్యాలు అచ్చు పుస్తకంలోనికి ఎట్లా వచ్చినవి, అంతకు పూర్వం ఎక్కడ ఉండినవి, వాటిని ఎవరు వెదకి తెచ్చినారు, ఎవరిచేత వ్రాయించినారు అన్న ప్రశ్నలు వారికి సాధారణంగా తోచవు. ఈ ప్రశ్నలకు సమాధానం చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ జీవితంలో దొరుకుతుంది. నిఘంటుకర్తగా బ్రౌన్ పేరు అందరూ ఎరిగినదే. ఆ నిఘంటువు వెనుక మరొక శ్రమ ఉన్నది. శిథిలమవుతున్న తాళపత్ర గ్రంథాలను సేకరించి, ఒకదానితో ఒకటి సరిపోల్చి, శుద్ధప్రతులు వ్రాయించి, వాటిని పదిమందికీ అందే చోట ఉంచిన శ్రమ అది. ఆ వైపు నుండి ఆయన జీవితాన్ని పరిచయం చేయడమే ఈ వ్యాసంలో మా ఉద్దేశ్యం.

బ్రౌన్ 1798 నవంబరు 10వ తేదీన కలకత్తా నగరంలో జన్మించినాడు. తండ్రి డేవిడ్ బ్రౌన్ క్రైస్తవ మతాచార్యుడు. తూర్పు ఇండియా కంపెనీ ఉద్యోగులకు దేశభాషలు నేర్పడానికి ఏర్పడిన ఫోర్ట్ విలియం కళాశాలలో ఆయన అధిపతిగా పనిచేసినాడు. ఉర్దూ వచన సాహిత్య చరిత్ర చదివినవారికి ఈ కళాశాల పేరు సుపరిచితమే. మీర్ అమ్మన్ మొదలైన రచయితలు తేటయైన ఉర్దూ వచనం వ్రాసినది అక్కడనే. అటువంటి వాతావరణంలో పెరిగిన బాలునికి భాషలంటే భయం లేకపోవడంలో వింత లేదు. గ్రీకు, లాటిన్, హీబ్రూ భాషలతో పాటు అరబీ, పారశీక, హిందూస్తానీ భాషలతో కూడ ఆయనకు పరిచయం ఏర్పడినది. 1812లో తండ్రి మరణించగా కుటుంబం ఇంగ్లండుకు వెళ్ళిపోయినది. అక్కడ హెయిలీబరీలోని కంపెనీ కళాశాలలో చదివి, 1817లో బ్రౌన్ మద్రాసు చేరినాడు. అప్పటికి ఆయనకు తెలుగు అక్షరం ముక్క రాదు.

మద్రాసులోని ఫోర్ట్ సెయింట్ జార్జి కళాశాలలో వెలగపూడి కోదండరామ పంతులు ఆయనకు తెలుగు నేర్పినారు. పరీక్షలో ఉత్తీర్ణుడై 1820లో కడప కలెక్టరుకు సహాయకుడుగా వెళ్ళినాడు. కచేరీలో అర్జీలు వినడానికి, రైతులతో మాట్లాడడానికి తెలుగు తప్పనిసరి. కాని తెలుగులో చదువుదామంటే పుస్తకాలు ఏవి? అచ్చయిన తెలుగు గ్రంథాలు ఆనాడు వ్రేళ్ళమీద లెక్కింపదగినన్ని మాత్రమే ఉండేవి. వాటిలో ఎక్కువ భాగం వ్యాకరణాలు, పాఠ్యగ్రంథాలు, మత గ్రంథాలు. మహాభారతం మొదలుకొని ప్రబంధాల వరకు తెలుగు సాహిత్యమంతా తాటాకుల మీదనే ఉండేది.

తాటాకు గ్రంథం అంటే ఏమిటో నేటి విద్యార్థికి కొంత చెప్పవలసి ఉన్నది. ఎండబెట్టి, చదును చేసి, ఒకే కొలతకు కత్తిరించిన ఆకుల మీద గంటంతో అక్షరాలు గీస్తారు. మసి గాని, ఆకుపసరు గాని పూసి తుడిస్తే గీతలలో నలుపు నిలిచి అక్షరం కనబడుతుంది. ఆకులకు రంధ్రం చేసి, త్రాడు గ్రుచ్చి, పైన క్రింద చెక్కపలకలు పెట్టి కట్టుతారు. ఆ వ్రాతలో పదానికీ పదానికీ మధ్య ఎడం ఉండదు. పద్యం ఎక్కడ ముగిసినదో ఛందస్సు తెలిసినవానికే తెలుస్తుంది. పురుగు, చెమ్మ, చెదలు, నిప్పు దానికి నిత్యశత్రువులు. తాటాకు కొన్ని తరాలు నిలుస్తుంది గాని కలకాలం నిలువదు. అందుచేత ఆకులు పూర్తిగా పాడుకాక ముందే మరొకరు కూర్చుండి క్రొత్త ఆకుల మీద తిరిగి వ్రాయవలెను. వ్రాసేవాడు లేనినాడు ఆ గ్రంథానికి ఆయువు చెల్లినట్లే. నన్నయ భారతం మన వరకు వచ్చినదంటే ఎనిమిది వందల యేండ్ల పాటు పేరు తెలియని వ్రాయసగాండ్రు ఒకరి తరువాత ఒకరు ఆ పని చేస్తూ వచ్చినందుననే. బ్రౌన్ తెలుగుదేశానికి వచ్చేనాటికి ఆ పరంపర బలహీనపడినది. గ్రంథాలను పోషించిన సంస్థానాలు పలుచబడినవి. పండితుల ఇండ్లలో అటకల మీద కట్టలు పడి ఉండినవి.

కడప నుండి మచిలీపట్నానికి బదిలీ అయిన తరువాత, 1824 ప్రాంతంలో, బ్రౌన్‌కు ఒక ఫ్రెంచి మతాచార్యుడు వ్రాసిన గ్రంథం చేజిక్కినది. దక్షిణ దేశపు ప్రజల ఆచార వ్యవహారాలను గూర్చి అబ్బె దుబాయ్ వ్రాసిన ఆ పుస్తకంలో వేమన అనే కవి ప్రసక్తి ఉన్నది. ఒక పరదేశి పుస్తకం చదివి మరొక పరదేశి మన కవిని వెదకడానికి బయలుదేరినాడన్నమాట. పండితులను అడిగితే వారు వేమనను కవిగా లెక్కపెట్టలేదు. శాస్త్రగ్రంథాల మధ్య ఆయనకు చోటు లేదు. కాని సామాన్య జనుల నోట ఆ పద్యాలు ఉన్నవి. వ్రాతప్రతులు కూడ దొరికినవి. ఒక్కటి కాదు, ఎన్నో. చిక్కు అక్కడనే వచ్చినది. ఏ రెండు ప్రతులూ ఒక్క తీరుగా లేవు. ఒకదానిలో ఉన్న పద్యం మరొకదానిలో లేదు. ఉన్న పద్యంలో మాటలు వేరు. ఒక ప్రతిలో మొదట ఉన్నది మరొక ప్రతిలో చివర ఉన్నది. వేమన పేరుతో ఇతరులు కట్టిన పద్యాలు ఎన్నో వాటిలో కలిసిపోయినవి.

ఇటువంటి సందర్భంలో తొందరపాటు మనిషి మంచిదని తోచిన ఒక ప్రతిని తీసుకొని తక్కినవి ప్రక్కన పెట్టివేస్తాడు. బ్రౌన్ అట్లా చేయలేదు. దొరికిన ప్రతులన్నీ సేకరించి, పద్యాలను విడదీసి, పోల్చి, ఏరి, విషయాన్ని బట్టి కూర్చినాడు. 693 పద్యాలతో ఆంగ్లానువాద సహితంగా 1829లో మద్రాసులో ప్రకటించినాడు. అంతటితో పని ముగిసినదని అనుకొనలేదు. క్రొత్త ప్రతులు చేరుతున్నకొద్దీ మళ్ళీ మొదటి నుండి పరిశీలించి, పదేండ్ల తరువాత 1839లో 1164 పద్యాలతో రెండవ కూర్పు తెచ్చినాడు. ఈ రెండు సంఖ్యల మధ్య ఉన్న తేడాయే పదేండ్ల ప్రతిసేకరణకు ఫలం. ఈలోగా 1827లోనే తెలుగు, సంస్కృత ఛందస్సులను గూర్చి ఆంగ్లంలో ఒక గ్రంథం వెలువరించినాడు. ఎడం లేని తాటాకు వ్రాతలో పద్యాన్ని గుర్తుపట్టాలంటే ఛందస్సు రావాలి గనుక ఆ గ్రంథం కూడ ఈ పనిలో భాగమే అని మా అభిప్రాయం.

1826లో బ్రౌన్ మళ్ళీ కడపకు వచ్చినాడు. అక్కడ ఒక బంగళా కొని, దానిలోనే పండితులను, వ్రాయసగాండ్రను నియమించినాడు. జనులు దానికి బ్రౌన్ కాలేజి అని పేరు పెట్టినారు. నిజానికి అది కాలేజి కాదు. పాఠాలు లేవు, పట్టాలు లేవు. గ్రంథాలకు ప్రతులు తయారు చేసే కర్మాగారం అది. ఒక కావ్యం తీసుకొన్నప్పుడు ముందుగా దాని ప్రతులను ఊరూరి నుండి తెప్పించేవాడు. కొన్నింటిని కొనేవాడు. అమ్మడానికి ఇష్టపడని వారి నుండి ఎరువు తెచ్చి నకలు తీయించేవాడు. ఆకు మీది వ్రాత కాగితం మీదికి ఎక్కేది. తరువాత ఒక పండితుడు ఒక ప్రతి చదువుతూ ఉంటే తక్కిన ప్రతులతో సరిచూసి పాఠభేదాలు గుర్తించేవారు. వ్రాయసగాని చేతిలో జరిగే పొరపాట్లు ఎన్నో రకాలు. ఒకే మాట రెండు పంక్తులలో వస్తే కన్ను మొదటి దాని నుండి రెండవ దానికి దూకి నడుమ ఉన్నది జారిపోవచ్చు. పోలిక గల అక్షరాలు తారుమారు కావచ్చు. అర్థం తెలియని పాతమాటకు బదులు తనకు తెలిసిన మాట పడవచ్చు. అనేక ప్రతులు ప్రక్కప్రక్కన పెట్టి చూచినప్పుడే ఇవి బయటపడతాయి. ఆ పిమ్మట శుద్ధప్రతి వ్రాయించి, కఠినపదాలకు అర్థాలు, కొన్ని కావ్యాలకు సమగ్రమైన టీకలు చేర్పించి, జిల్దు కట్టించేవాడు.

ఈ పనికి కంపెనీ సర్కారు ఇచ్చిన డబ్బు కాదు, బ్రౌన్ సొంత జీతమే ఆధారం. అది చాలక అప్పులు చేసినాడు. ఉద్యోగరీత్యా తాను ఏ ఊరిలో ఉన్నా కడపలో పని ఆగకుండా చూచినాడు. జూలూరి అప్పయ్య, వఠ్యం అద్వైతబ్రహ్మయ్య వంటి పండితులు ఆయన కొలువులో పనిచేసినారు. వసుచరిత్రకు, మనుచరిత్రకు జూలూరి అప్పయ్య వ్రాసిన టీకలతో 1844లోను, 1851లోను బ్రౌన్ ఆ రెండు ప్రబంధాలనూ అచ్చు వేయించినాడు. తక్కిన వ్రాయసగాండ్రలో చాలమంది పేర్లు నేటి పాఠకులకు తెలియవు. తెలుగు సాహిత్యం బ్రౌన్‌కు ఎంత ఋణపడినదో, నెలజీతానికి కూర్చుండి పగలంతా కళ్ళు వాచేటట్లు వ్రాసిన ఆ వ్రాయసగాండ్రకు కూడ అంత ఋణపడి ఉన్నదని మేము భావిస్తున్నాము.

బ్రౌన్ ఉద్యోగ జీవితం సాఫీగా సాగలేదు. 1832, 1833 సంవత్సరాలలో గుంటూరు ప్రాంతాన్ని ఘోరమైన క్షామం పట్టి పీడించినది. జనులు దానిని డొక్కల కరువు అన్నారు. పైఅధికారులు దానిని కొరత అని వ్రాయగోరినారు. బ్రౌన్ కరువును కరువు అనియే వ్రాసినాడు. వేమన ప్రతిలో ఒక మాటకు బదులు మరొక మాట వేయడానికి ఒప్పుకొనని మనిషి సర్కారు కాగితంలో మాత్రం ఎట్లా ఒప్పుకొంటాడు? పైవారికి ఆయన మీద సదభిప్రాయం మిగులలేదు. 1834లో ఉద్యోగం పోయినది. ఆయన ఇంగ్లండుకు ప్రయాణం కట్టినాడు.

లండన్‌లో ఖాళీగా కూర్చుండలేదు. అక్కడ కంపెనీవారి ఇండియా హౌస్ గ్రంథాలయం ఉన్నది. దానిలో దక్షిణ భారత భాషల వ్రాతప్రతులు, జాన్ లేడెన్ అనే విద్వాంసుడు సేకరించినవి, రెండు వేలకు పైగా కట్టలు కట్టి ఉండినవి. లేడెన్ 1811లోనే మరణించినాడు. ఆ కట్టలలో ఏమున్నదో చెప్పగలవారు లండన్‌లో లేరు. తెలుగుదేశంలో ఒక్కొక్క ప్రతి కోసం ఊళ్ళు తిరిగిన మనిషికి సముద్రాల అవతల ఇంత నిధి కనబడినది. ఆచార్య హోరేస్ విల్సన్ అండతో బ్రౌన్ వాటిని పరిశీలించి పట్టిక తయారు చేసినాడు. అంతటితో ఊరకుండక, చదివేవారు లేని చోట ఇవి ఉండడం వృథా అని కంపెనీ అధికారులకు నచ్చజెప్పి, ఆ గ్రంథాలు మద్రాసుకు చేరే ఏర్పాటు చేయించినాడు. ప్రాచ్య దేశాల గ్రంథసంపద ఐరోపాకు తరలిపోతున్న ఆ కాలంలో, ఐరోపా నుండి వ్రాతప్రతులు మన దేశానికి తిరిగి రావడం అపూర్వమైన విషయం. బ్రౌన్ చేసిన పనులన్నింటిలో దీనిని మేము మిక్కిలి గొప్పదిగా ఎంచుతాము. గ్రంథం భద్రంగా ఉంటే చాలదనీ, దానిని చదువగలవారికి చేరువలో ఉండాలనీ ఆయన గ్రహించినాడు.

1838లో బ్రౌన్ తిరిగి మద్రాసు వచ్చినాడు. ఈసారి ఆయనకు దొరికిన ఉద్యోగం సర్కారువారి పారశీక భాషానువాదకుని పదవి. తరువాత తెలుగు అనువాదకత్వం, 1846లో పోస్టుమాస్టరు జనరల్ పదవి, కళాశాల గ్రంథాలయంలోని వ్రాతప్రతుల పర్యవేక్షణ కూడ ఆయనకు లభించినవి. కర్నల్ కాలిన్ మెకంజీ తన సహాయకులైన కావలి సోదరులు మొదలైనవారి ద్వారా గ్రామగ్రామాన వ్రాయించిన స్థానిక చరిత్రలు, అనగా కైఫీయతులు, ఆ గ్రంథాలయంలో ఉండినవి. సిరా పాలిపోయి కాగితాలు చివికిపోతున్న ఆ సంపుటాలకు బ్రౌన్ క్రొత్త ప్రతులు వ్రాయించినాడు. మన గ్రామాల చరిత్ర వ్రాసేవారు నేటికీ ఆ కైఫీయతులను ఆశ్రయిస్తూనే ఉన్నారు.

1840లో వ్యాకరణం, 1852 నుండి 1854 వరకు నిఘంటువులు వెలువడినవి. ఇన్ని ప్రతులు చేతిలో ఉండబట్టియే ఆ నిఘంటువు సాధ్యమైనది. ఒక మాట ఏ కావ్యంలో ఏ అర్థంలో వచ్చినదో చూపడానికి ఆయన తన వ్రాతప్రతులనే తిరగవేసినాడు. కావ్యభాషతో తృప్తి పడక, కచేరీలో, సంతలో, పొలంలో వినబడే మాటలను కూడ నిఘంటువుకు ఎక్కించినాడు. వీరేశలింగం పంతులు మొదలైన వారు పరిష్కరించగా 1903లో వెలువడిన రెండవ కూర్పు నేటికీ మన బల్లల మీద ఉన్నది.

ఈ నిఘంటువులలో మన కళాశాలవంటి చోట ప్రత్యేకంగా చెప్పుకొనదగినది 1854 నాటి మిశ్రభాషా నిఘంటువు. తెలుగువారి వ్యవహారంలో కలిసిపోయిన అరబీ, పారశీక, హిందూస్తానీ మాటలను, ఇతర భాషల మాటలను బ్రౌన్ అందులో వేరుగా కూర్చినాడు. 1852లో వెలువడిన జిల్లా నిఘంటువు కూడ కచేరీలలో వాడుకలో ఉన్న ఇటువంటి మాటలకు అర్థం చెప్పేదే. అన్యదేశ్యాలని పండితులు దూరంగా ఉంచిన పదాలను ఆయన దూరంగా ఉంచలేదు. ప్రజల నోట ఉన్నది గనుక అది తెలుగే అన్నది ఆయన పద్ధతి. ఒక్క విషయం గమనింపదగినది. తాటాకు, గంటం అచ్చతెలుగు వాడుకలోని మాటలు. కాగితం, కలం మాత్రం పారశీక, అరబీ భాషల నుండి వచ్చినవి. గ్రంథానికి చర్మపు అట్ట వేయడాన్ని జిల్దు కట్టడం అంటాము, అది అరబీ మాట. మూల ప్రతిని అసలు అంటాము. దానిని చూచి వ్రాసినది నకలు అంటాము. ఆ రెండూ అరబీ మాటలే. పల్లెటూరి కరణం మొదలు పట్టణపు వకీలు వరకు ఎవరూ వీటిని పరాయి మాటలుగా ఎంచరు. తెలుగు కావ్యాలు తాటాకు విడిచి కాగితం ఎక్కిన కథ చెప్పబోతే రెండు భాషల మాటలూ కలిపియే చెప్పవలసి వస్తున్నది. ఉర్దూ, తెలుగు ఒకే కప్పు క్రింద చదువుకొనే మన విద్యార్థులు ఈ సంగతి గుర్తుంచుకొనవలెను.

బ్రౌన్‌లో లోపాలు లేవని మేము చెప్పడం లేదు. ఆయన కంపెనీ ఉద్యోగి. పరిపాలకులకు పాలితుల భాష కావలసి వచ్చిన కాలంలో ఆయన కృషి మొదలైనది. పండితులను ఆశ్రయిస్తూనే వారి పాండిత్య పద్ధతులను తీవ్రంగా విమర్శించినాడు. ప్రతుల పరిష్కరణలో మరొక చిక్కు కూడ ఉన్నది. పండితునిచేత తప్పులు దిద్దించినప్పుడు, తప్పని తోచినది నిజంగా తప్పా, లేక ఆ ప్రాంతపు పాతవాడుకయా అని నిర్ణయించడం కష్టం. వేమనవంటి ప్రజాకవి విషయంలో ఈ కష్టం ఇంకా ఎక్కువ. బ్రౌన్ ఏరి కూర్చిన పద్యాలలో ఏవి వేమనవి, ఏవి కావు అన్న చర్చ తరువాతి పరిశోధకులు కొనసాగించినారు. అయితే ఆ చర్చ జరుగగలిగినది ఎట్లా? బ్రౌన్ తాను ఉపయోగించిన ప్రతులను దాచుకొనలేదు, పారవేయలేదు. తన తీర్పును ఇతరులు మళ్ళీ విచారించడానికి వీలుగా వాటిని భద్రపరచి ఉంచినాడు. తప్పు చేయని పరిష్కర్త లోకంలో లేడు. తన తప్పు పట్టుకొనే సాధనాన్ని తానే ముందుతరానికి అందజేసిన పరిష్కర్తకు మాత్రం గౌరవం చెల్లింపవలసినదే.

తాను సేకరించిన తెలుగు, సంస్కృత వ్రాతప్రతులను బ్రౌన్ మద్రాసులోని సాహిత్య సంఘానికి అప్పగించినాడు. జబ్బుపడి 1854లో ఉద్యోగం విడిచి, మరుసటి సంవత్సరం ఇంగ్లండు వెళ్ళిపోయినాడు. మెకంజీ సంపుటాలు, లండన్ నుండి తిరిగి వచ్చిన లేడెన్ గ్రంథాలు, బ్రౌన్ ప్రతులు అనే మూడు ప్రవాహాలు కలిసి 1869లో మద్రాసు ప్రభుత్వ ప్రాచ్యలిఖిత గ్రంథాలయానికి మూలధనమైనవి. తరువాతి కాలంలో మానవల్లి రామకృష్ణకవి, వేటూరి ప్రభాకరశాస్త్రి వంటి మహాపండితులు ఆ గ్రంథాలయంతో సంబంధం కలిగి పనిచేసినారు. వారి వలన ఎన్నో మరుగుపడిన కావ్యాలు వెలుగు చూచినవి. ఒక తరం తీసిన నకలు మరొక తరానికి అసలు అయినది.

లండన్‌లో కూడ బ్రౌన్ తెలుగును విడువలేదు. 1865లో లండన్ విశ్వవిద్యాలయంలో తెలుగు ఆచార్య పదవి స్వీకరించినాడు. 1866లో తన సాహిత్య జీవితాన్ని గూర్చి ఒక చిన్న గ్రంథం ప్రకటించినాడు. ఆయన పెండ్లి చేసికొనలేదు. 1884 డిసెంబరు 12వ తేదీన, ఎనభై ఆరేండ్ల వయస్సులో లండన్‌లో మరణించినాడు. అక్కడి కెన్సల్ గ్రీన్ శ్మశానవాటికలో ఆయన సమాధి ఉన్నది.

బ్రౌన్ స్వయంగా వ్రాసిన లేఖలు, గమనికలు చాలకాలం మద్రాసు గ్రంథాలయపు బీరువాలలోనే ఉండిపోయినవి. 1970 దశకంలో బంగోరె అనే కలం పేరుతో ప్రసిద్ధుడైన బండి గోపాలరెడ్డి ఆ సంపుటాల ముందు కూర్చుండి, చదివి, ప్రతులు తీసి, వాటిలో కొన్నింటిని ప్రకటించినాడు. ప్రతులు వ్రాయించిన మనిషి చరిత్ర కూడ ప్రతులు తీయడం వలననే బయటపడినది. కడపలో బ్రౌన్ బంగళా శిథిలమై నేలమట్టమయినది. జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారి పట్టుదల వలన ఆ స్థలంలో బ్రౌన్ పేరిట గ్రంథాలయం వెలసినది. అది నేడు యోగి వేమన విశ్వవిద్యాలయానికి చెందిన భాషా పరిశోధన కేంద్రం. వేమన పద్యాలకు ప్రతులు వ్రాయించిన స్థలం వేమన పేరిట ఏర్పడిన విశ్వవిద్యాలయం చేతికి రావడం ఎంతో సముచితం.

బ్రౌన్ కథ తెలుగు విద్యార్థులకు మాత్రమే సంబంధించినది కాదు. ఇదే పని మన నగరంలో ఉర్దూ సాహిత్యానికి కూడ జరిగినది. భాగ్యనగర నిర్మాత మహమ్మద్ కులీ కుతుబ్‌షా దక్కనీ కవితలను ఆయన తరువాత గద్దె నెక్కిన మహమ్మద్ కుతుబ్‌షా 1616లో సంకలనం చేయించినాడు. మూడు శతాబ్దాలకు పైగా ఆ కవితలు వ్రాతప్రతులలోనే ఉండినవి. డాక్టర్ సయ్యద్ మొహియుద్దీన్ ఖాద్రీ జోర్ వాటిని పరిష్కరించి 1940లో ప్రకటించినారు. అంతకు మునుపు 1931లో ఆయన స్థాపించిన ఇదారా-ఎ-అదబియాత్-ఎ-ఉర్దూ సంస్థ పంజాగుట్టలోని ఐవాన్-ఎ-ఉర్దూలో ఉన్నది. జోర్ గారు అక్కడ చేర్చిన వ్రాతప్రతులకు తానే వివరణ పట్టికలు వ్రాసినారు. కడప బంగళాలో బ్రౌన్ చేసినదీ, హైదరాబాదులో జోర్ గారు చేసినదీ ఒకే పని.

మన విద్యార్థులలో పై చదువులకు వెళ్ళేవారు ఏదో ఒకనాడు విశ్వవిద్యాలయ గ్రంథాలయంలోని వ్రాతప్రతుల విభాగానికి గాని, సాలార్‌జంగ్ మ్యూజియం గ్రంథాలయానికి గాని వెళ్ళక తప్పదు. అక్కడ పుస్తకం ఇంటికి ఇవ్వరు. సిరా కలం లోనికి తేనివ్వరు, పెన్సిలుతోనే వ్రాసికొనవలెను. ఛాయాచిత్రం తీయాలంటే అనుమతి పొందవలెను. ఇవి ఆటంకాలని విసుగుకొనరాదు. ఆ ఒక్క ప్రతి పోతే మరొకటి లేదు గనుకనే ఈ నియమాలు. వ్రాసికొనేటప్పుడు ప్రతి సంఖ్య, ఆకు సంఖ్య ముందుగా గుర్తించుకొనవలెను. ఉన్నది ఉన్నట్లు వ్రాయవలెను. తప్పని తోచినా మూలంలో దిద్దరాదు, దిద్దుబాటు ప్రక్కన వేరుగా చూపవలెను. వీలైతే రెండవ ప్రతితో పోల్చవలెను. బ్రౌన్ కొలువులోని వ్రాయసగాడు కాగితం మీద చేసిన పని నేడు యంత్రం క్షణంలో చేస్తున్నది. కాని పోల్చడం, సరిచూడడం, సందేహించడం మాత్రం మనిషే చేయవలెను.

మరొక మాట చెప్పి ముగిస్తాము. వ్రాతప్రతులు గ్రంథాలయాలలో మాత్రమే లేవు. మన విద్యార్థుల ఇండ్లలో, తాతల నాటి పెట్టెలలో, పల్లెలోని అటకల మీద తాటాకు కట్టలు, పారశీక లిపిలోని దస్తావేజులు, చేతివ్రాత దీవానులు ఇంకా ఉండవచ్చును. చదవడం రాలేదని వాటిని చిత్తుకాగితాలలో కలుపవద్దు. ఏటిలో వదలవద్దు. ఆ లిపి తెలిసిన అధ్యాపకునికి చూపండి. అసలు మీ ఇంటనే ఉంచుకొనదలచినా, ఒక నకలు తీయించి గ్రంథాలయానికి ఇవ్వండి.